ఊరి దగ్గరకు పరిశ్రమ వస్తోందా? ప్రజాభిప్రాయ సేకరణకు ఇలా సిద్ధం కండి

జిల్లా ఎడిషన్‌లో ఓ మూలన కాలుష్య నియంత్రణ మండలి ప్రకటన వస్తుంది. ఫలానా గ్రామంలో సున్నపురాయి గని, లేదా సిమెంటు ఫ్యాక్టరీ, లేదా బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) కంపెనీ. ఫలానా తేదీన పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. అభ్యంతరాలు, సలహాలు ఉంటే 30 రోజుల్లోగా తెలపవచ్చు. ఊళ్లో చాలామందికి ఈ సంగతి టెంట్లు వేసే రోజుదాకా తెలియదు. తెలిసి అక్కడికి వెళ్లేసరికి బారికేడ్లు, పోలీసు బందోబస్తు, స్టేజీ మీద అధికారులు ఉంటారు. కొందరు ఆవేశంగా మాట్లాడతారు, ఇంకొందరు నినాదాలు చేస్తారు, మధ్యాహ్నానికి అంతా అయిపోతుంది. కొన్ని నెలల తర్వాత అనుమతి వచ్చిందని తెలిసి, "అంతమంది వద్దన్నాం కదా, ఎలా ఇచ్చారు?" అని ఆశ్చర్యపోతారు.

ఎలా ఇచ్చారంటే, ఆ సభ ఓటింగ్ కాదు. ఎంతమంది వద్దన్నారు, ఎంతమంది కావాలన్నారు అన్న లెక్కతో అనుమతి తేలదు. ఆ రోజు రికార్డయిన విషయాలు ఫైలుగా మారి నిపుణుల కమిటీ ముందుకు వెళ్తాయి. ప్రాజెక్టు పెద్దదైతే ఆ కమిటీ ఢిల్లీలో ఉంటుంది, కాకపోతే రాష్ట్ర రాజధానిలో. ఆ సభ్యుల్లో చాలామంది మీ ఊరు చూసి ఉండరు. కాగితం మీద ఉన్నదే వాళ్లకు కనిపిస్తుంది. కాబట్టి ప్రాజెక్టు వద్దనుకున్నా, కొన్ని షరతులతో రానివ్వాలనుకున్నా మీ పని ఒకటే: మీ ఊరి నిజాలు ఆ ఫైల్లోకి ఎక్కించడం.

దీనికంతటికీ ఆధారం 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్. తర్వాత చాలా సవరణలు జరిగినా సభ నిర్వహణకు ఇప్పటికీ అదే దారి. అందులోని నాలుగో అనుబంధంలో సభ ఎలా జరపాలో వివరంగా ఉంది. కొద్ది పేజీలే. ఒక ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. సభ రోజు అధికారితో మాట్లాడేటప్పుడు ఆ కాగితం మీ చేతిలో ఉంటే మాటకు బలం వస్తుంది.

ప్రకటన కనబడిన రోజే చేయాల్సినవి

పేపర్ కటింగ్ తేదీ కనిపించేలా ఫోటో తీసి దాచండి. ప్రకటన ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ రావాలి. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజుల గడువు ఉండాలి. రోజులు తగ్గాయేమో లెక్కపెట్టండి. తగ్గితే వెంటనే కలెక్టర్‌కూ, మండలి సభ్య కార్యదర్శికీ రాతపూర్వకంగా తెలపండి. సభ అయిపోయాక చెబితే ఆ అభ్యంతరం బలహీనపడుతుంది.

తర్వాత డ్రాఫ్ట్ ఈఐఏ రిపోర్టు కోసం వెళ్లండి. దాన్ని కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత పంచాయతీ లేదా మున్సిపాలిటీ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం లాంటి చోట్ల జనం చూసేందుకు అందుబాటులో ఉంచాలి. సారాంశం తెలుగులో కూడా ఉండి తీరాలి. వెళ్లినప్పుడు "ఇంకా రాలేదు", "సార్ దగ్గర ఉంది, రేపు రండి" అంటే వాదన పెట్టుకోకండి. ఫలానా తేదీన వచ్చి అడిగాం, రిపోర్టు చూపించలేదు అని అక్కడే ఒక దరఖాస్తు రాసి ఇచ్చి, నకలు మీద స్టాంప్ వేయించుకోండి. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే ఆ రోజే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పనికొస్తుంది.

కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికితే కంపెనీ పెట్టుకున్న దరఖాస్తు, ఈఐఏలో ఏమేం అధ్యయనం చేయాలో కమిటీ ముందే చెప్పిన నిబంధనల లేఖ దొరుకుతాయి. ఆ లేఖను టీఓఆర్ అంటారు. చాలామంది దీన్ని పట్టించుకోరు కానీ మీకు ఉన్నవాటిలో పదునైన ఆయుధం ఇదే. భూగర్భ జలాల మీద అధ్యయనం చేయమని టీఓఆర్‌లో ఉండి, రిపోర్టులో దాని గురించి రెండు పేరాలు మాత్రమే ఉంటే, మీ మొదటి అభ్యంతరం దొరికినట్లే. ఒక్కో అంశం పక్కన టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి, అయితే దాన్నే నమ్ముకుని కూర్చోకండి. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. అది వచ్చేసరికి మీ సభ అయిపోతుంది.

ఇంకో మాట. అన్ని ప్రాజెక్టులకూ ఈ సభ ఉండదు. నోటిఫై చేసిన పారిశ్రామిక పార్కుల లోపలి యూనిట్లు, భవన నిర్మాణాలు, బీ2 కేటగిరీలోకి (ఈఐఏ రిపోర్టు అక్కర్లేనివి) వచ్చేవి, కొత్తగా భూమి తీసుకోకుండా చేసే రోడ్డు విస్తరణలు దీని నుంచి మినహాయింపు పొందాయి. మీ ప్రాజెక్టు ఏ కేటగిరీనో ముందే చూసుకోండి.

రిపోర్టు చదవడం

ఎక్కువ సమయం దీనికే పెట్టండి. రిపోర్టు వందల పేజీలు, అదీ ఇంగ్లిష్‌లో ఉంటుంది. చూడగానే భయం వేస్తుంది. అంతా చదవక్కర్లేదు. నోటిఫికేషన్ ప్రకారం దాని నిర్మాణం 12 అధ్యాయాలు, అందులో మీకు ముఖ్యమైనవి నాలుగైదు. ఊళ్లో డిగ్రీ, బీటెక్ చదివిన పిల్లల్ని పిలిచి తలా ఒక అధ్యాయం ఇవ్వండి. వాళ్లు చదివి తెలుగులో చెబుతుంటే రైతులు, చేపలు పట్టేవాళ్లు, గొర్రెల కాపరులు, బోర్లు వేసేవాళ్లు కూర్చుని వినాలి. రిపోర్టులోని తప్పు పట్టుకునేది ఇంగ్లిష్ వచ్చినవాళ్లు కాదు, నేల తెలిసినవాళ్లు.

పర్యావరణ స్థితిని వర్ణించే అధ్యాయంతో మొదలుపెట్టండి. సాధారణంగా ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని అధ్యయనం చేస్తారు. అందులో మీ చెరువులు, కుంటలు, వాగులు, బడులు, ఆసుపత్రులు, గుళ్లు, శ్మశానాలు, అడవి అన్నీ ఉన్నాయా? దూరాలు సరిగ్గా రాశారా? ఫోన్‌లో మ్యాప్ పెట్టి కొలవండి. ఏ భూమిని ఏమని రాశారో ప్రత్యేకంగా చూడండి. రెండు పంటలు పండే పొలాన్ని ఒక పంట భూమి అనీ, పశువులు మేసే బంజరును వృథా భూమి అనీ రాయడం కొత్తేమీ కాదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వజూపిన బీల ప్రాంతం కథ అందుకే గుర్తుంచుకోవాలి. కాగితాల్లో అది పనికిరాని భూమి. చుట్టుపక్కల ఊళ్లకు మాత్రం సాగునీరు, చేపలు, పశువుల మేత అన్నీ ఆ చిత్తడి నేల నుంచే. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల ఏమిటో మొదటి కాగితంలోనే సరిగ్గా రాసి ఉంటే ఆ రెండు ప్రాణాలు పోయేవి కావని నా నమ్మకం.

తర్వాత, శాంపిళ్లు ఏ నెలల్లో తీశారో చూడండి. చాలా ప్రాజెక్టులకు ఒక సీజన్ డేటా సరిపోతుంది, అది వానాకాలం కాకుండా ఉండాలి. మార్చి నుంచి మే దాకా కొలిస్తే మీ వాగు ఎండిపోయి కనిపిస్తుంది. బావుల్లో నీటిమట్టం, గాలి వీచే దిశ వేరుగా ఉంటాయి. వర్షాకాలంలో ఆ వాగు ఎటు పారుతుంది, ఏ చెరువులో కలుస్తుంది, ఏ ఏడాది పొంగింది అన్నది చెప్పగలిగేది మీరే. శాంపిల్ తీసిన ఊళ్ల పేర్లు రిపోర్టులో ఉంటాయి. ఆ ఊళ్లలో అడగండి: యంత్రాలు పెట్టిన మాట నిజమేనా, ఎవరి ఇంటి మీద, ఎన్ని రోజులు?

నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారో, రోజుకు ఎన్ని వేల లీటర్లో, వాడిన నీళ్లు ఎక్కడికి పంపుతారో ప్రాజెక్టు వివరణ అధ్యాయంలో ఉంటుంది. ముడిసరుకు, బూడిద, సరుకు మోసే లారీలు రోజుకు ఎన్ని, ఏ రోడ్డు మీదుగా తిరుగుతాయో కూడా అక్కడే. ఆ రోడ్డు పక్కన బడి ఉందా? ప్రత్యామ్నాయాల అధ్యాయాన్ని తప్పక చదవండి. ఈ స్థలమే ఎందుకు, వేరే స్థలాలు ఏవి చూశారు అన్న ప్రశ్నకు అక్కడ నిజమైన జవాబు ఉండాలి. అర పేజీలో ముగించి ఉంటే అది కూడా మీ అభ్యంతరమే. ప్రయోజనాల అధ్యాయంలో ఉద్యోగాల సంఖ్య ఉంటుంది. నిర్మాణ సమయంలో ఇచ్చే కూలి పనులనూ, తర్వాత మిగిలే పర్మనెంట్ ఉద్యోగాలనూ విడదీసి చూడండి.

చివర్లో రిపోర్టు తయారుచేసిన కన్సల్టెంటు వివరాలు ఉంటాయి. వేరే జిల్లా ఊరి పేరో, అక్కడ పెరగని చెట్టు పేరో మీ రిపోర్టులో కనిపిస్తే ఆ పేజీ నంబర్ రాసుకోండి. కాపీ కొట్టిన రిపోర్టులు ఇలాగే దొరికిపోతాయి.

అభ్యంతరం రాయడం

"కాలుష్యం వల్ల మా బతుకులు నాశనమవుతాయి" అన్న వాక్యంలో అబద్ధం లేదు. కానీ కంపెనీ దానికి "అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం" అని ఒక్క లైను జవాబు రాసి దాటిపోతుంది. దాన్నే ఇలా రాశారనుకోండి: "రిపోర్టు ఫలానా పేజీలో రెండు కిలోమీటర్ల లోపు చెరువు లేదని ఉంది. మా పెద్దచెరువు ప్రాజెక్టు సరిహద్దుకు ఒక కిలోమీటరు దూరంలో ఉంది. దాని కింద ఇంత ఆయకట్టు ఉంది. అడంగల్ నకలు, ఫోటోలు జత చేస్తున్నాం. ఈ చెరువు మీద ప్రభావాన్ని అధ్యయనం చేయకుండా అనుమతి ఇవ్వకూడదు." ఇక్కడ తప్పించుకునే దారి లేదు. అవునో కాదో చెప్పాలి. కమిటీ కూడా అడగాలి.

ఒక్కో అంశానికి ఒక నంబర్, రిపోర్టు పేజీ, మీ దగ్గర ఉన్న ఆధారం, మీరు ఏం కోరుతున్నారు అన్నది. ఈ నాలుగూ ఉంటే చాలు, భాష గొప్పగా ఉండక్కర్లేదు. తెలుగులోనే రాయండి. తెలంగాణలో అయితే పహాణీ, ఆంధ్రలో అయితే అడంగల్, బోర్ల లోతు, పాల కేంద్రానికి పోసే పాల లెక్క, చేపల సొసైటీ సభ్యుల జాబితా, పీహెచ్‌సీలో ఇప్పటికే ఉన్న ఊపిరితిత్తుల జబ్బుల వివరాలు, ఇలా ఊరి దగ్గర ఉన్న ఆధారాలు కంపెనీ దగ్గర కూడా ఉండవు.

ఒకే ఫార్మాట్ జిరాక్స్ తీసి ఐదు వందల సంతకాలు పెట్టించడం కంటే, ఐదు రకాల బతుకుల నుంచి ఐదు వేర్వేరు అర్జీలు మేలు. కౌలు రైతు అర్జీ భూయజమాని అర్జీలా ఉండదు. కూలికి వెళ్లే మహిళలు, మత్స్యకారులు, గొర్రెల పెంపకందారులు, బడి తల్లిదండ్రుల కమిటీ ఎవరికి వాళ్లు రాయాలి. భూమి లేనివాళ్లకు ఈ సభతో సంబంధం లేదని ఊళ్లో కొందరు అంటుంటారు. అది తప్పు. గాలి, నీళ్లు, రోడ్డు అందరివీ.

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో పని చేస్తున్న మీ ఊరివాళ్లను కూడా కలుపుకోండి. ఈ ప్రక్రియలో సభ ఒక భాగమైతే, ప్రాజెక్టుతో సంబంధం ఉన్న ఎవరైనా రాతపూర్వకంగా అభిప్రాయం పంపడం రెండో భాగం. సభకు రాలేనివాళ్లు గడువులోగా మండలికి ఈమెయిల్, పోస్టు రెండూ పంపవచ్చు. ఇంగ్లిష్ రిపోర్టు చదివిపెట్టడంలో కూడా వాళ్ల సాయం ఉంటుంది.

మీరు ప్రాజెక్టు రావాలనుకునేవాళ్లయితే మరింత జాగ్రత్తగా రాయాలి. "ఉద్యోగాలు ఇస్తాం, ఆసుపత్రి కడతాం" అని స్టేజీ మీద చెప్పిన మాటను అంకెగా, తేదీగా, ఖర్చుగా మార్చి రికార్డులో పెట్టించండి. 2020 సెప్టెంబర్ 30న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన మెమో ప్రకారం, సభలో వచ్చిన సమస్యల మీద కంపెనీ ఇచ్చిన హామీలను కమిటీ పరిశీలించి పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో భాగంగా షరతులు పెట్టాలి. రికార్డులో లేని హామీకి ఆ అవకాశమే ఉండదు.

భూమి ధర, పరిహారం సంగతి చాలామంది ఈ సభలోనే తేల్చుకోవాలనుకుంటారు. చెప్పండి, తప్పు లేదు. కానీ భూసేకరణ వేరే చట్టం, వేరే ప్రక్రియ, దాని అభ్యంతరాలు వేరుగా వేయాలి. అలాగే ఐదో షెడ్యూల్ (ఆదివాసీ) ప్రాంతంలో ఉంటే పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం), అటవీ హక్కుల చట్టాల కింద గ్రామసభకు ఉన్న అధికారం వేరు. కలెక్టర్ సభ జరిగిందంటే గ్రామసభ జరిగినట్లు కాదు. ఒడిశా నియమగిరి కేసులో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే నిర్ణయం వదిలింది. 12 గ్రామసభలు పెడితే 12కి 12 బాక్సైట్ గని వద్దన్నాయి.

సభ రోజు

బహిష్కరించాలా? ఈ చర్చ ప్రతి ఊళ్లోనూ వస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వెళ్లండి. ఈ సభకు కోరం (ఇంతమంది ఉండాలన్న కనీస సంఖ్య) లేదు. మీరు బయట ధర్నా చేస్తుండగా లోపల పది మందితో సభ జరిపినా అది చెల్లుతుంది, మీ అభ్యంతరాలు లేని మినిట్స్ (సభ రికార్డు) తయారవుతాయి. టెంట్లు పీకడం ఇంకా ప్రమాదం. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే వీలు లేదని నివేదిక వెళ్తే, సభ అవసరమే లేదని తేల్చే అధికారం నోటిఫికేషన్‌లో ఉంది. కోపం న్యాయమైనదే కావచ్చు, ఆ నిబంధన మాత్రం దాన్ని మీ మీదికే తిప్పుతుంది.

సభకు కలెక్టర్ లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి, మండలి ప్రతినిధి ఉండాలి. అంతకన్నా కింది అధికారి కూర్చుంటే మైకు చేతికి రాగానే మొదట ఆ మాట చెప్పండి. మొత్తం సభను వీడియో తీయించాల్సింది మండలే. అయినా మీ వైపు నుంచి ఇద్దరు ఫోన్లలో మొదటి నుంచి చివరిదాకా తీయాలి. పవర్ బ్యాంకు తెచ్చుకోండి.

హాజరు పట్టీలో సంతకం పెట్టకుండా ఎవరూ కూర్చోవద్దు. బయటి నుంచి బస్సుల్లో జనాన్ని దించి ముందు వరుసలు నింపడం చాలాచోట్ల జరుగుతుంది. వాళ్లతో గొడవ పెట్టుకోకండి. మాట్లాడే ప్రతి ఒక్కరూ పేరు, ఊరు చెప్పాలని అధ్యక్షుణ్ణి కోరండి. ఎవరు ఎక్కడివాళ్లో రికార్డులోనే తేలిపోతుంది.

ముందు కంపెనీ ప్రతినిధి ప్రాజెక్టు గురించి చెప్పాలి. ఇంగ్లిష్‌లో స్లైడ్లు వేస్తే తెలుగులో చెప్పమని అడగండి. హాజరైన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే, వివరణ కోరే అవకాశం ఇవ్వాలని నిబంధన. "టైం అయిపోయింది, మిగతావాళ్లు రాసి ఇవ్వండి" అంటే, ఆ నిబంధన చదివి వినిపించి, ఇంకా మాట్లాడాల్సినవాళ్ల పేర్లు రాసి ఇవ్వండి.

మాట్లాడేటప్పుడు ఒక్కొక్కరూ ఒకటి రెండు అంశాలకే పరిమితమవ్వాలి. అందరూ అన్నీ చెబితే మినిట్స్‌లో "పలువురు కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు" అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. ఎవరు ఏ అంశం చెప్పాలో ముందు రోజే పంచుకోండి. "అభ్యంతరం ఒకటి", "అభ్యంతరం రెండు" అని నంబర్ చెప్పి మొదలుపెట్టండి. కంపెనీ ప్రతినిధి అక్కడికక్కడ జవాబు చెప్పాలని అడగండి. మాట్లాడాక రాతప్రతి ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, స్టాంప్ తీసుకోండి. ఆడవాళ్లను మొదటి పదిమందిలోనే మాట్లాడించండి. సభ వేడెక్కాక వాళ్లకు మైకు అందదు. నీళ్ల సంగతి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అసలైన పని సభ చివర ఉంటుంది. జరిగిందంతా సంక్షిప్తంగా రాసి, జనానికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, ఆ రోజే అధ్యక్షుడు సంతకం పెట్టాలి. చాలామంది అప్పటికే భోజనానికి వెళ్లిపోతారు. మీరు కదలకండి. మీ నంబర్ల లిస్టు చేతిలో పట్టుకుని వినండి. ఏది రాయలేదో అక్కడే లేచి చెప్పండి. చదవకుండానే ముగించేస్తే, ఆ సాయంత్రమే కలెక్టర్‌కు, మండలికి, కేంద్ర లేదా రాష్ట్ర కమిటీకి ఈమెయిల్ పంపండి. వీడియో మీ దగ్గర ఉందని అందులో రాయండి.

తర్వాత కూడా వదలొద్దు

సభ ముగిసిన 8 రోజుల్లో మినిట్స్, వీడియో పైకి వెళ్లాలి. ఆ మినిట్స్ పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరేట్ కార్యాలయాల్లో ప్రదర్శించాలి, మండలి వెబ్‌సైట్‌లో పెట్టాలి. వాటిని మీ వీడియోతో పోల్చి, తేడాలు నిమిషం, సెకనుతో సహా రాసి నేరుగా కమిటీకి పంపండి. అలా పంపే హక్కు నోటిఫికేషన్‌లోనే ఉంది. తుది ఈఐఏ రిపోర్టులో మీ అభ్యంతరాలకు కంపెనీ ఏం జవాబు రాసిందో చూడండి. కమిటీ ఎజెండా పరివేష్‌లో వస్తుంది. సమావేశానికి ముందే మీ లేఖ అక్కడ ఉండాలి.

సభలో వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి, వాటి గురించి ఏం తేల్చారో కారణాలతో చెప్పాల్సిన బాధ్యత కమిటీకి ఉందని ఢిల్లీ హైకోర్టు 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో చెప్పింది. మీ లేఖలో ఆ తీర్పు పేరు రాయండి.

అనుమతి వచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి 30 రోజులు గడువు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు, ఆపైన ఒక్క రోజు కూడా దొరకదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ చెన్నైలోని దక్షిణ బెంచి పరిధిలోకి వస్తాయి. స్టాంప్ వేయించుకున్న కాపీలు, పోస్టు రసీదులు, వీడియోలు అన్నీ ఒక ఫైలుగా ముందే సిద్ధంగా ఉంటే లాయరు దగ్గర వారం రోజులు కలిసొస్తాయి.

అప్పీలుకు వెళ్లినా వెళ్లకపోయినా, అనుమతి లేఖను పంచాయతీ నుంచి తీసుకుని అందులోని షరతులను తెలుగులో రాసి గ్రామ సచివాలయం లేదా పంచాయతీ గోడకు అంటించండి. కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు రిపోర్టు ఇవ్వాలి. ఆ రెండు తేదీలకు వారం తర్వాత ఆ రిపోర్టు తెప్పించి, గ్రామసభలో ఒక్కో షరతూ చదివి, అయిందా కాలేదా అని అడిగి, కానివాటి మీద తీర్మానం చేసి మండలికి పంపండి.